హైదరాబాద్–విశాఖ గంటంపావు దూరం కాదు

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే రెండు అంకెలు కనిపిస్తాయి. దూరం సుమారు 500 కిలోమీటర్లు. విమానంలో గంటంపావు. రెండూ నిజమే. కానీ ఇంటికి తాళం వేసి బయల్దేరిన మనిషి ఎవరూ ఆ 500 కిలోమీటర్ల దారిలో వెళ్ళరు, ఆ గంటంపావులో చేరరు. ఆ దూరం భూగోళం మీద గీసిన గీతది. ఆ సమయం విమానానిది. మనిషి దూరం, మనిషి సమయం ఎవరూ లెక్కకట్టి చెప్పరు. అది లెక్కకట్టకపోవడం వల్లే, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఎంతో రద్దీగా ఉండే ఈ దారిలో మనం అడగాల్సినవి అడగకుండా ఊరుకున్నాం.

మాది అనకాపల్లి. ఉద్యోగం వల్ల ఉంటున్నది హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు. ఉత్తరాంధ్రలో ఏ వీధికి వెళ్ళినా హైదరాబాద్‌లో కొడుకో కూతురో ఉన్న ఇల్లు తప్పకుండా కనిపిస్తుంది. అలాంటి ఇళ్ళన్నిటిలోనూ వినిపించే మాట ఒకటుంది: "ఇప్పుడు విమానాలున్నాయి కదా, గంటలో వచ్చేయొచ్చు." పెళ్ళికి రాలేకపోతే ఈ మాట. పదకొండో రోజుకి అందుకోలేకపోతే ఈ మాట. శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోతే, "గంట ప్రయాణానికి అంత తొందరేంటే" అని మా మేనత్త మనసు కష్టపెట్టుకుంటుంది. ఆమెది తప్పు కాదు. అంకె అలా చెబుతోంది మరి.

ముందు ఆ 500 సంగతి చూద్దాం. హైదరాబాద్, విశాఖ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర, విశాఖ 17.7 డిగ్రీల దగ్గర. అంటే చార్మినార్ దగ్గర నిలబడి సూర్యుడు పొడిచే దిక్కుకి చూస్తే, కాస్త అటూ ఇటూగా అదే విశాఖ దిక్కు. నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకి సుమారు 500 కిలోమీటర్లు, శంషాబాద్ రన్‌వే నుంచి విశాఖ రన్‌వేకి ఓ పది ఎక్కువ. ఆ గీతని మ్యాప్ మీద వేలితో పట్టుకుని వెళ్తే ఖమ్మానికి కొంచెం ఎగువగా, కొత్తగూడెం పక్కనుంచి, పాపికొండల మీదుగా, రంపచోడవరం దాటి, నర్సీపట్నం చేరువలోంచి మా అనకాపల్లి మీదికి వస్తుంది. చూడటానికి ఎంత చక్కని గీతో! ఆ గీత వెంట వెళ్ళే రైలు లేదు.

ఆ దారి ఎంత కష్టమైనదో తెలిసిన వాళ్ళలో జార్జ్ ఎవరెస్ట్ ఒకడు. హిమాలయ శిఖరానికి పేరు పెట్టింది ఆయన మీదే. అంతకు చాలా ముందు ఆయన హైదరాబాద్‌లో విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన త్రికోణమితి సర్వేని లాంబ్టన్ అప్పటికి నిజాం రాజ్యం దాకా తీసుకొచ్చాడు. 1819లో ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతం కొలవడానికి పంపారు. ఆ అడవుల్లో చలిజ్వరం పట్టుకుంది. కోలుకోవడానికి మరుసటి ఏడాది ఏకంగా దక్షిణాఫ్రికా కేప్‌కు వెళ్ళాల్సి వచ్చింది. మన ఫోన్ క్షణంలో చెప్పే సరళరేఖ దూరాల వెనక మనుషుల ఆరోగ్యాలు ఖర్చయ్యాయి. ఆ తర్వాత వేసిన పెద్ద దారులు కూడా ఆ కొండల్ని తప్పించుకునే వెళ్ళాయి.

రైలు దారి ఇంత వంకర కావడానికి అదొక్కటే కారణం కాదు. సికింద్రాబాద్ నుంచి విశాఖకి పట్టాల మీద దూరం 699 కిలోమీటర్లు, అంటే గీత కన్నా 200 ఎక్కువ. నిజాం రైల్వే 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వచ్చింది. అక్కడి నుంచి వరంగల్ మీదుగా 1889లో బెజవాడ చేరింది. ఆ లైను వేసిన వాళ్ళ కళ్ళు సింగరేణి బొగ్గు మీద, తీరంతో సంబంధం మీద ఉన్నాయి. బెజవాడ నుంచి కటకం (కటక్) వైపు వెళ్ళే తూర్పు తీరపు లైను 1893–96 మధ్య వేరే ప్రభుత్వం, వేరే అవసరం కోసం వేసింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన 1900లో తెరిచాక తీరమంతా ఒకే దారి అయింది. హైదరాబాద్ మనిషి విశాఖ వెళ్ళాలని, విశాఖ మనిషి హైదరాబాద్ రావాలని ఆ రోజుల్లో ఎవరూ లైను వెయ్యలేదు. ఎక్కడెక్కడి అవసరాల కోసమో వేసిన రెండు లైన్లు బెజవాడలో కలిశాయి. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి, 2014లో మళ్ళీ రెండయ్యాయి. ఇన్ని జరిగినా మనం ప్రయాణం చేస్తున్నది ఆ పాత వంపులోనే.

రోడ్డూ అంతే. సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ దిగి, అక్కడి నుంచి పైకి ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి. మొత్తం 620 కిలోమీటర్ల పైచిలుకు. సంక్రాంతి ముందు రెండు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర నిలబడిన వాళ్ళకి ఆ దారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక విమానం సంగతి. ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ విమానం పైకి చేరాక గంటకు 830 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ వేగంతో 510 కిలోమీటర్లకి 37 నిమిషాలు చాలు. కానీ టైంటేబుల్‌లో గంటా పదిహేను నుంచి గంటా ఇరవై ఐదు నిమిషాలుంటుంది. మిగతా సమయం ఎక్కడికి పోయిందని చాలామందికి అనుమానం. విమానయాన సంస్థలు చెప్పేది గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. శంషాబాద్‌లో రన్‌వే మొదటికి చేరడానికి, ముందున్న విమానాలు ఎగిరేదాకా ఆగడానికి పది పదిహేను నిమిషాలు పోతాయి. ఎగిరాక పదివేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదని నియమం. ఇంత చిన్న దూరంలో విమానం పూర్తి ఎత్తుకి చేరి నిలకడగా వెళ్ళేది కొద్దిసేపే. మంచినీళ్ళు పంచడం పూర్తవకముందే దిగడం మొదలవుతుంది. విశాఖలో కొండలు ఒక పక్క, సముద్రం ఒక పక్క. చాలాసార్లు పడమటి నుంచి వచ్చిన విమానం ఊరు దాటి సముద్రం మీదికి వెళ్ళి, వెనక్కి తిరిగి హార్బర్ వైపు నుంచి దిగుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన దృశ్యమది. కానీ ఆ చుట్టు కూడా సమయమే. వీటన్నిటి మీద, ఆలస్యం జరిగినా టైముకి చేరినట్టు లెక్క తేలడానికి సంస్థలు ఇంకొన్ని నిమిషాలు కలుపుకుంటాయి.

వేగం గురించి ఒక ముఖ్యమైన సంగతి ఇక్కడే చెప్పాలి. చిన్న ఊళ్ళకి తిరిగే ఏటీఆర్ విమానం, ఆ రెక్కల కింద పంకాలు తిరిగేది, గంటకు 500 కిలోమీటర్లే వెళ్తుంది. ఎయిర్‌బస్ వేగంలో అరవై శాతం. అయినా ఈ దూరంలో రెండింటికీ తేడా ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకి మించదు. ఇలాంటి దూరాల్లో విమానం ఎంత వేగంగా వెళ్తుందన్నది దాదాపు అప్రధానం. రేపు రెట్టింపు వేగంతో ఎగిరే విమానం తెచ్చినా మనం ఇల్లు చేరే సమయంలో పావుగంట కూడా తేడా రాకపోవచ్చు. ప్రయాణం సాగేదీ ఆగేదీ నేల మీదే.

కానీ ప్రభుత్వాలకి కూడా ఈ గంట, ఈ 500 కిలోమీటర్లు ఒక కొలమానంగా స్థిరపడిపోయాయి. చిన్న ఊళ్ళకి విమానాలు నడిపించే కేంద్రం ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకి, 2,500 రూపాయల పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం మొదలైనప్పుడు తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. 2025 డిసెంబరులో దేశమంతా విమానాలు పెద్ద సంఖ్యలో రద్దై టికెట్ల ధరలు ఆకాశానికంటినప్పుడు కేంద్రం గరిష్ఠ ఛార్జీలు ప్రకటించింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 500 నుంచి 1000 వరకు 12,000. హైదరాబాద్–విశాఖ దూరం సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. ఊరి నుంచి ఊరికి కొలిస్తే ఆ హద్దు దగ్గరే, రన్‌వే నుంచి రన్‌వేకి కొలిస్తే హద్దు దాటి. పది కిలోమీటర్ల సరళరేఖకి నాలుగున్నర వేల రూపాయల విలువ వచ్చింది. మనుషులు ప్రయాణం చెయ్యని దూరాన్ని బట్టి మనుషులు చెల్లించాల్సిన ధర నిర్ణయమవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తాను. నిజాంపేట నుంచి శంషాబాద్ 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక హాయిగానే వెళ్తాం, ఎక్కేదాకానే కష్టం. గంటంపావు అనుకుందాం. చెకిన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందు మూసేస్తారు. బరువు ఉంటే, పిల్లలుంటే గంటన్నర ముందు చేరాలి. ముఖం చూపిస్తే లోపలికి పంపే డిజియాత్ర వచ్చాక గుమ్మం దగ్గర వరస తగ్గింది. సెక్యూరిటీ దగ్గర వరస మాత్రం పండగని బట్టి, వేళని బట్టి మారుతుంది. విమానం గంటా ఇరవై. దిగి, సామాను కోసం ఎదురుచూసి, బయటికొచ్చేసరికి అరగంట. విశాఖ విమానాశ్రయం నుంచి అనకాపల్లికి కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా ముప్పావుగంట నుంచి గంట. మొత్తం ఐదున్నర గంటలు, అన్నీ సవ్యంగా జరిగితే. 500 కిలోమీటర్లకి ఐదున్నర గంటలంటే గంటకు 90 కిలోమీటర్లు.

వందేభారత్ రైలు సికింద్రాబాద్–విశాఖ 699 కిలోమీటర్లని ఎనిమిదిన్నర గంటల్లో చేరుతుంది. గంటకు 82. ఇది 2023 సంక్రాంతి రోజున మొదలైంది, రెండోది 2024 మార్చిలో వచ్చింది. అంత వంకర దారిలో వెళ్తూ కూడా రైలు సగటు వేగం, గడప నుంచి గడపకి విమాన ప్రయాణపు సగటు వేగానికి చేరువలో ఉంది. ఈ సంగతి మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు చాలాసేపు ఆలోచనలో పడ్డాను. విమానం ఆదా చేసే సమయం మనం అనుకున్నంత లేదు. రైలు పోగొడుతున్న సమయంలో పెద్ద భాగం దాని వేగం వల్ల కాదు, దారి వంపు వల్ల.

ఇక రాత్రి రైలు. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి చేరుస్తుంది. పన్నెండు గంటల పైన. అందులో ఏడెనిమిది గంటలు ఇంట్లో ఉన్నా నిద్రపోయేవే. ఆ నిద్రని ప్రయాణ సమయంలో కలపాలా? నా ఉద్దేశంలో కలపకూడదు. సాయంత్రం ఆఫీసు ముగించుకుని బండెక్కి, పొద్దున్న అమ్మ పెట్టిన కాఫీ తాగేవాడు పోగొట్టుకున్న పగటి సమయం రెండు మూడు గంటలు. పొద్దున్న విమానానికి తెల్లవారుజామున మూడింటికి లేచి, నిద్రలేని కళ్ళతో ఇల్లు చేరేవాడు పోగొట్టుకున్నది దాదాపు ఒక రోజు. ఏ వెబ్‌సైటు లెక్కలోనూ ఇది లేదు.

మా అమ్మకి డెబ్బై దాటాయి. విమానం తొందరగా చేరుస్తుందని ఎన్నోసార్లు చెప్పాం. ఆమె రైలే కావాలంటుంది. కారణం భయం కాదు. "బండెక్కితే మళ్ళీ దిగేది మీ ఊళ్ళోనే. అందులో అయితే ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు నిలబడాలి" అంటుంది. నిజమే. కారు, గుమ్మం, కౌంటర్, సెక్యూరిటీ, గేటు, ఒక్కోసారి బస్సు, మెట్లు, సీటు, మళ్ళీ అన్నీ తిరగేసి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ప్రయాణం పొడవు కన్నా దాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నది ముఖ్యం. ఒక్క ముక్కలో సాగే పన్నెండు గంటల ప్రయాణం ఆమెకి విశ్రాంతి. పది ముక్కల్లో సాగే ఐదున్నర గంటల ప్రయాణం శిక్ష.

విమానం గంటంపావే అయినా అది మనకి కావల్సినప్పుడు బయల్దేరదు. ఒక రాత్రి పది దాటాక వదిన ఫోన్ చేసింది. నాన్నకి ఛాతీలో నొప్పి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అని. ఆ సమయానికి విశాఖ వెళ్ళే ఆఖరి విమానం వెళ్ళిపోయింది. రాత్రి రైళ్ళూ కదిలిపోయాయి. మర్నాడు తొలి విమానం పట్టుకుంటే పొద్దున్న ఎనిమిదింటికి విశాఖ. కారులో బయల్దేరితే కూడా దాదాపు ఆ వేళకే. తమ్ముడూ నేనూ కారే ఎక్కాం. విమానాశ్రయంలో కూర్చుని ఎదురుచూడటం కంటే దారిలో ఉండటమే నయమనిపించింది. సూర్యాపేట, విజయవాడ, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, రాత్రంతా లారీల మధ్య. నాన్న కోలుకున్నారు. ఆ రాత్రి హైదరాబాద్ నుంచి అనకాపల్లి దూరం తొమ్మిదిన్నర గంటలు. గంటంపావు అన్న అంకె ఆ రాత్రి మాకు ఎందుకూ పనికిరాలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. గత ఇరవై ఏళ్ళలో హైదరాబాద్–విశాఖ విమాన సమయం పెద్దగా మారలేదు. కానీ ఇంటి నుంచి ఇంటికి సమయం మారింది, ఇంకా మారబోతోంది. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. కూకట్‌పల్లి నుంచి పది కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి అంతకంటే తక్కువ. ఆ నెల 23న శంషాబాద్ మొదలైంది, బేగంపేట మూతపడింది. నగరానికి పెద్ద విమానాశ్రయం కావల్సిందే, కాదనను. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకి పైగా వంతెన రోడ్డు కట్టారు, ఔటర్ వచ్చింది. కానీ ఇన్నేళ్ళయినా విమానాశ్రయానికి రైలు లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి మెట్రో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ దారి పక్కన పెట్టి నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా తీసుకెళ్తామన్నారు. ఎటు నుంచి వచ్చినా నాకు సంతోషమే, వస్తే చాలు. ప్రస్తుతానికి ఆర్టీసీ నడిపే పుష్పక్ బస్సే సామాన్యుడికి దిక్కు. ఆ బస్సు మంచి సేవ. మరింత తరచుగా ఉండాలి.

అవతలి చివర కూడా అదే జరుగుతోంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలకి చోటిచ్చారు. సైన్యం అవసరాలు ముందు, మన వేళలు తర్వాత. కాబట్టి విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం తలపెట్టారు. విశాఖ నగరం నుంచి 40 కిలోమీటర్లకి పైనే. గాజువాక మనిషికి ఇప్పుడు పది నిమిషాల దూరంలో ఉన్న విమానం గంటంపావు, గంటన్నర దూరానికి వెళ్తుంది. మా అనకాపల్లి నుంచి అయితే ఆనందపురం బైపాస్ మీదుగా 75 కిలోమీటర్ల దాకా. నిజాంపేట వైపు 45, అనకాపల్లి వైపు 75. కలిపి 120 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం, 510 కిలోమీటర్ల విమానం కోసం. నా ఐదున్నర గంటలు ఆరు దాటతాయి. అప్పుడు కూడా టికెట్ మీద గంటా ఇరవై అనే రాసి ఉంటుంది.

నేను భోగాపురానికి వ్యతిరేకిని కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. నాకు దూరమైనదే శ్రీకాకుళం మనిషికి దగ్గరవుతుంది. శ్రీకాకుళం నుంచి పాత విమానాశ్రయానికి 110 కిలోమీటర్ల పైచిలుకు, నగరం ట్రాఫిక్ అంతా దాటుకుని. భోగాపురం అయితే 60 కిలోమీటర్ల దాకా, జాతీయ రహదారి మీదే. ఉద్దానం నుంచి, టెక్కలి నుంచి గల్ఫ్‌కి వలస వెళ్ళే వాళ్ళు ఎంతమందో! వాళ్ళు హైదరాబాద్‌కో చెన్నైకో రైల్లో వెళ్ళి, అక్కడ పడిగాపులు పడి విమానం ఎక్కుతున్నారు. ఇంటికి దగ్గర్లో అంతర్జాతీయ విమానం ఉంటే వాళ్ళకి ఎంత మేలో నాకు తెలుసు. విజయనగరం వాళ్ళకీ అంతే. అందరికీ ఒకే దూరం ఉండదు. ఒకరికి తగ్గిన దూరం ఇంకొకరికి పెరుగుతుంది. అందుకే అడగాల్సిన ప్రశ్న విమానాశ్రయం ఎక్కడ కట్టాలన్నది మాత్రమే కాదు, అది తెరిచిన రోజున గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, విశాఖలోని ఎన్ఏడీ కూడలి నుంచి గంటకో బస్సు ఉంటుందా అన్నది. విమానం దిగిన వాళ్ళు బయటికొచ్చేసరికి బస్సు సిద్ధంగా ఉంటుందా? రాత్రి పదకొండుకి దిగిన ఆడపిల్ల విశాఖకి ఎలా వెళ్తుంది? శంషాబాద్ విషయంలో ఇవి ముందే తేల్చుకోలేదు. ఫలితం పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాం.

అమెరికా నుంచి వచ్చే మా వాళ్ళకి ఈ లెక్క ఇంకా కష్టం. డల్లాస్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో హైదరాబాద్ చేరేసరికి ఒక రోజు పూర్తవుతుంది. "ఇంక గంటే" అనుకుంటారు. తెల్లవారుజామున దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను మళ్ళీ తూయించుకుని, పిల్లల్ని కుర్చీల్లో పడుకోబెట్టి విశాఖ విమానం కోసం కూర్చుంటారు. ప్రయాణం మొత్తంలో వాళ్ళని అలసిపోయేలా చేసేది ఆ చివరి 500 కిలోమీటర్లే.

మరి ఏం చెయ్యాలి? ఈ దూరాన్ని నిజంగా తగ్గించగలిగేది నేల మీది దారి. రోడ్డు విషయంలో ఆ పని జరిగింది. సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసలైంది. ఖమ్మం నుంచి వైరా, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల కొత్త రహదారిని పొలాల మధ్య నుంచి తీసుకొచ్చారు. విజయవాడ వంపుని పూర్తిగా తప్పిస్తుంది. రాజమండ్రికి కాస్త ఇవతల పాత జాతీయ రహదారిలో కలుస్తుంది. మ్యాప్ మీద మొదట చెప్పిన ఆ గీతకి ఇంత దగ్గరగా పెద్ద రహదారి వెయ్యడం ఇదే మొదలు.

అదే సత్తుపల్లికి రైలు పట్టాలు కూడా వచ్చాయి. భద్రాచలం రోడ్ స్టేషన్ అని పేరు, ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల లైను వేశారు, సింగరేణి బొగ్గు తరలించడానికి. బొగ్గు ఉన్న చోటికి లైను వచ్చి ఆగిపోయింది. సత్తుపల్లి నుంచి గోదావరి గట్టున ఉన్న కొవ్వూరు దాకా పొడిగిస్తే సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి విజయవాడ వెళ్ళకుండా చేరొచ్చు. కొవ్వూరు–భద్రాచలం లైను కావాలని రెండు జిల్లాల వాళ్ళు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో కాలేదు, విడిపోయాక ఎవరికీ సొంతం కాలేదు. లైను కొంత తెలంగాణలో, కొంత ఆంధ్రలో. లాభపడే ప్రయాణికులు ఎక్కువ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళు. వాళ్ళు ఉంటున్నది హైదరాబాద్‌లో. ఏ ఎంపీ తన నియోజకవర్గం సమస్యగా దీన్ని భుజాన వేసుకోవాలి?

విజయవాడ మీదుగా వెళ్ళే దారి తీసెయ్యమని నేను అనడం లేదు. ఆ వంపు వెంట వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఏలూరు ఉన్నాయి. వందేభారత్ వాటిలో చాలాచోట్ల ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది. విమానం దారిలో ఒక్కరినీ ఎక్కించుకోదు. శంషాబాద్ నుంచి సూర్యాపేట, విజయవాడ మీదుగా విశాఖకి గంటకు 220 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లైనుకి రైల్వే సర్వే చేయించింది. అది కట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో కట్టేవాళ్ళే చెప్పాలి. కానీ సత్తుపల్లి–కొవ్వూరు అలాంటి కల కాదు. ఒక చివర పట్టాలు ఉన్నాయి. ఇంకో చివర ప్రధాన మార్గం ఉంది. మధ్యలో మెట్ట నేల, జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలు, పొగాకు పొలాలు. ఎవరెస్ట్‌కి జ్వరం తెచ్చిన దట్టమైన అడవి ఇప్పుడు ఆ దారిలో లేదు. ఆ లైను పూర్తయితే సరుకు బండ్లకీ, కొన్ని రాత్రి రైళ్ళకీ విజయవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫాం కోసం ఊరి బయట సిగ్నల్ దగ్గర ఆగే అవసరం తప్పుతుంది. ఆ జంక్షన్ మీద భారం తగ్గితే మద్రాసు, కలకత్తా వైపు వెళ్ళే వాళ్ళకి కూడా మేలే.

భోగాపురానికి నేను కూడా ఎప్పుడో ఒకసారి టికెట్ తీసుకుంటాను. ఆ లోపు మన రెండు రాష్ట్రాల ఎంపీలు కేంద్ర బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ కొత్త విమాన సర్వీసుల గురించి కాకుండా సత్తుపల్లి నుంచి కొవ్వూరు లైనుకి ఈ ఏడాది ఎంత కేటాయించారో అడగాలి. అనకాపల్లి, ఖమ్మం, ఏలూరు, రాజమండ్రి ఎంపీలు నలుగురూ కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. మన ఊళ్ళలో వాళ్ళు ఓట్లడగడానికి వచ్చినప్పుడు మనం ఆ కాగితం ఎక్కడుందని అడగాలి.